విజయవాడ ట్రైనింగు

విజయవాడలో రెండు రోజుల ఆఫీసు ట్రైనింగని భార్య రాజ్యానికి చెప్పి, ఉమామహేష్ చోడవరంలో తెల్లారే అనకాపల్లి బస్సెక్కాడు. అనకాపల్లిలో దిగి స్నేహితుడు దుర్గారావు కారెక్కాడు. కారు విజయవాడ వైపు కాకుండా ఒడిశా వైపు, గోపాల్‌పూర్ బీచికి బయల్దేరింది.

మూడేళ్లలో ఇది ఆరో ట్రైనింగు.

నేరస్తుడికి ఉండాల్సిన జాగ్రత్తలన్నీ అతనికి ఉన్నాయి. బ్యాగులో ఇస్త్రీ చొక్కాలు, ఫైలు, రెండు పెన్నులు పైన; కొబ్బరిచెట్ల బొమ్మల నిక్కరు అడుగున. సొంత కారు ఇంటి షెడ్డులో ముసుగేసి ఉంది. పదకొండేళ్లు స్కూటర్ మీద తడిసి తడిసి కొన్న కారు. సీట్లకి కంపెనీ వాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. దాని తాళం ఎవరికీ దొరక్కూడదని వంటింట్లో మెంతుల డబ్బాలో దాచాడు.

‘చేరాను. క్లాసు మొదలైంది. ఫోన్ చెయ్యకు’ అని రాజ్యానికి మెసేజ్ కూడా పెట్టేశాడు. ఆవిడ ఎలాగూ పుట్టింటికి, మాడుగుల వెళ్తానంది.

పలాసలో ఆగి, అలవాటు ప్రకారం కిలో జీడిపప్పు కొన్నాడు. తప్పు చేసి వట్టి చేతులతో ఇంటికెళ్లకూడదన్నది అతని నీతి. కొట్టు పేరున్న కవరు వద్దని, మామూలు గుడ్డసంచి ఇచ్చాడు. కొట్టువాడు అందులో పోసి, మూతి బిగించి ఇచ్చాడు.

“నీ బుర్రకి దొంగతనాల్లో ఎక్కడికో ఎల్లిపోయేవోడివిరా,” అన్నాడు దుర్గారావు.

అంతలో ఫోన్‌కి ఫాస్టాగ్ మెసేజొచ్చింది. షెడ్డులో ఉండాల్సిన అతని కారు నాతవలస టోల్‌గేటు దాటిందట.

“పాత మెసేజై ఉంటాదిలే,” అన్నాడు దుర్గారావు.

ఇచ్ఛాపురం వదిలి ఒడిశాలోకి అడుగుపెడుతుంటే రెండోది. కారు మడపాం టోల్‌గేటూ దాటింది.

ఉమామహేష్ రెండు మెసేజులూ మళ్లీ చదివాడు. కారుని ఎవడో ఎత్తుకొస్తున్నాడు. అదీ తన వెనకే! చోడవరం స్టేషన్‌కి చెబుదామంటే, వచ్చి కాగితం రాసిమ్మంటారు. పక్కింటి మంగాయమ్మకి చెబితే కారు కంటే ముందు తన పరువు పోతుంది. రాజ్యానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

గోపాల్‌పూర్‌లో టోపీ పెట్టి, నిక్కరు తొడుక్కున్నాడు గానీ, సముద్రం వంక చూడబుద్ధి కాలేదు. మూడో మెసేజొచ్చింది. ఇచ్ఛాపురం టోలు. వెంటనే రాజ్యం ఫోను.

“ఏటండీ, ఫోన్ చేసేరు? క్లాసు లేదా?”

“టీ బ్రేకు. మన కారు షెడ్డులోనే ఉందా?”

“నేను మాడుగుల్లో ఉన్నాను కదండీ. పొద్దున్న సూసినప్పుడు ఉంది. అవునుగానీ, ఆ హోరేటి?”

“ఏసీ. పాతది. నీ దగ్గర ఆ లారీ హారన్లేటి?”

“బస్టాండులో ఉన్నాను.”

ఉమామహేష్ ఫోన్ పెట్టేశాడు. పరువా, కారా? సీటు కవర్లు గుర్తొచ్చాయి. జీడిపప్పు సంచి చంకలో పెట్టుకుని, నిక్కరుతోనే పోలీసుల దగ్గరికి పరిగెత్తాడు. ఎస్సైకి తెలుగొచ్చు.

“దొంగ దొరికితే సాలు సార్. నా పేరు మాత్రం పేపర్లో రాకూడదు.”

గంట తర్వాత కారు రానే వచ్చింది. బీచి మలుపు దగ్గర ఎస్సై చెయ్యెత్తి ఆపాడు. స్టీరింగ్ దగ్గర్నుంచి నల్లకళ్లద్దాలతో దిగింది రాజ్యం. సైకిలు తొక్కడం కూడా రాదని అతను అందరికీ చెప్పే రాజ్యం. వెనక సీట్లో ఆవిడ చెల్లెళ్లు ముగ్గురు, ఒళ్లో మాడుగుల హల్వా డబ్బా.

“అమ్మా, ఈ కారు తనది, మీరు తన భార్య అంటున్నాడు. ఈయన మీ ఆయనేనా?” అడిగాడు ఎస్సై.

రాజ్యం అతన్ని టోపీ నుంచి కొబ్బరిచెట్ల దాకా తీరిగ్గా చూసింది. ఫోన్ తీసి పొద్దుటి మెసేజ్ ఎస్సైకి చూపించింది.

“కారు మా ఆయనదే సార్. ఆయన విజయవాడలో క్లాసులో ఉన్నారు. ఈయనెవరో నాకు తెలీదు.”

ఎస్సై చెయ్యి ఉమామహేష్ భుజం మీద పడింది.

“ఒసే రాజ్యం!”

“ఆ సంచి మాత్రం నాదే సార్,” అంటూ అతని చంకలోంచి లాక్కుంది రాజ్యం. “అడుగున పలాస కొట్టు బిల్లుంటాది, సూసుకోండి. విజయవాడ ట్రైనింగు నుంచి మా ఆయన తెచ్చిన అయిదు సంచుల్లోనూ ఉంది.”