టోపీ తాత

"ఎవడమ్మా వీడు?" అన్నాడు హెడ్మాస్టరు, కంప్యూటరు తెరని వేలితో పొడుస్తూ.

తెరమీద ఒక ఊరుంది. మూడో తరగతి పిల్లలు ఇంటర్నెట్లో కట్టుకున్న ఊరు. ఎవరి కొట్టు వాళ్ళదే, ఎవరి బోర్డు వాళ్ళే రాసుకున్నారు. బోర్డు పైకి చదివితే తప్ప తలుపు తెరుచుకోదు. అదే ఆ ఊరి రూలు.

ఆ ఊరి నడివీధిలో, గొడుగంత టోపీ పెట్టుకుని ఒక బొమ్మ నిలబడి ఉంది.

"టోపీ తాత సార్!" అన్నారు పిల్లలంతా ఒక్కసారే.

"ఏ క్లాసు వాడు?"

ఎవరికీ తెలియదు. టీచరమ్మకీ తెలియదు. మొదట్లో ఎలా ఉంటుందో చూద్దామని తను చేసి వదిలేసిన బొమ్మల్లో అదొకటి. ఎవరి చేతిలో పడిందో ఏమో, మధ్యాహ్నం క్లాసు మొదలవగానే ఊళ్ళోకి దిగిపోతోంది.

మాట్లాడదు. ఒక బోర్డు ముందుకెళ్ళి నిలబడుతుంది. ఎవరైనా చదివి వినిపించేదాకా కదలదు. చదవగానే ఎగిరి గెంతుతుంది. గెంతి మళ్ళీ అదే బోర్డు ముందు నిలబడుతుంది.

"ఎన్నిసార్లు చెప్పాలి తాతా నీకు! బుర్రా, బండరాయా? ఇది 'రొ', పక్కన 'ట్టె'. రొట్టెల కొట్టు!"

టీచరమ్మ తమని తిట్టిన తిట్లన్నీ పిల్లలు ఆ తాతకి వడ్డీతో సహా అప్పజెప్పేవాళ్ళు. తిట్టి మళ్ళీ చదివేవాళ్ళు. ఏడాదిగా నోరు విప్పని చివరి బెంచీ పిల్లయితే ఆ బొమ్మ వెంటే తిరిగేది, కనిపించిన ప్రతి బోర్డూ చదివి పెడుతూ.

"బయటివాడెవడో పిల్లల మధ్య తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నావా? పేరుకు తగ్గట్టే మనందరికీ టోపీ పెట్టి పోతాడు. ముయ్యమ్మా ఈ బొమ్మలాట! పుస్తకాల్లేవా మనకి?" అన్నాడు హెడ్మాస్టరు.

"మూయను సార్."

"ఏమన్నావ్?"

"మూయనన్నాను. పుస్తకం తెరిస్తే ఆవలించే పిల్లలు ఇక్కడ పోట్లాడుకుని మరీ చదువుతున్నారు. రేపు పైఆఫీసు వాళ్ళు వస్తున్నారుగా, వాళ్ళ ముందే చదివిస్తాను. చదవకపోతే ఈ కంప్యూటరు గదికి మీరే తాళం వేసుకోండి."

"మరి వీడి సంగతి?"

అక్కడ మాత్రం టీచరమ్మ తగ్గింది. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ముక్కూ మొహం తెలియనివాణ్ణి పసిపిల్లల మధ్య ఎవరు తిరగనిస్తారు?

"వీణ్ణి నేనే పంపించేస్తాను."

ఆ సాయంత్రం ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, ఊరికి పెద్ద గేటు కట్టింది. గేటుకి బోర్డు తగిలించింది. పిల్లల పేర్లకి తప్ప ఆ గేటు తెరుచుకోదు.

అమ్మ టీ తెచ్చి పక్కన పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ తెరలోకి తొంగిచూసింది.

"ఏం రాశావే అందులో?"

"నీకర్థం కాదులే అమ్మా."

అమ్మ కప్పు చల్లారిపోతోందని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు పైఆఫీసు వాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. హెడ్మాస్టరు గోడకానుకుని నిలబడ్డాడు. తెరమీద ఊరు తెరుచుకుంది.

పిల్లలు వీధంతా వెతికారు. కొట్ల వెనకాల వెతికారు.

"టోపీ తాత ఏడి మేడం?"

"ఇంక రాడు. మీరు చదవండి."

ఒక్కొక్కరే చేతులు కట్టుకున్నారు.

"చదవం."

"ఏంటర్రా ఇది! పెద్దవాళ్ళ ముందు పరువు తీస్తారా?"

"తాత వస్తేనే చదువుతాం."

"తాత లేకపోతే నేను లేనా? నాకు చదివి వినిపించండి."

చివరి బెంచీ పిల్ల లేచి నిలబడింది.

"మీకు వచ్చుగా మేడం! మీకెందుకు చదవడం? తాతకి రాదు. మేం చదివితేనే తాతకి తెలిసేది."

వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకుని లేచారు. హెడ్మాస్టరు గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

దారి పొడుగునా టీచరమ్మకి ఒళ్ళు మండుతూనే ఉంది. పిల్లల మీద, హెడ్మాస్టరు మీద, అందరికన్నా ఎక్కువ ఆ టోపీవాడి మీద. ఎవడో దిక్కుమాలినవాడు, ఎక్కడ కూర్చుని నవ్వుకుంటున్నాడో!

ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పబోతుంటే, వంటింట్లోంచి గొంతు వినిపించింది.

"బ... య... టి... బయటి. వా... ళ్ళు. బయటివాళ్ళు."

టీచరమ్మ ఒక కాలి చెప్పుతోనే ఆగిపోయింది.

"లో... ప... లి... కి. రా... కూ... డ... దు."

వేలితో దేన్నో టకటకా కొట్టిన చప్పుడు.

"ఎందుకు రాకూడదూ? ఎవరే అది రాసింది? బోర్డు చదివితే తలుపు తియ్యాలి, పిల్లలే చెప్పారు నాకు. చదివాను. ఒకరి సాయం లేకుండా చదివాను. తియ్యండి తలుపు!"

టీచరమ్మ వంటింటి గడప దగ్గరికి వచ్చింది. గట్టుమీద చక్కెర డబ్బాకి ఆనించి, తను మొదట్లో ఆ బొమ్మలు చేసి చూసి, తర్వాత మూలన పడేసిన పాత టాబ్లెట్.

అందులో, మూసిన గేటు ముందు, గొడుగంత టోపీ పెట్టుకుని నిలబడి ఉంది అమ్మ.