గెలిచినవాళ్ళు అడగరు

చెదిరిన రంగుల క్యూబును సరిచేసే పోటీ ముగిసింది. క్యూబు పట్టుకుని బల్ల దగ్గరికొచ్చిన అమ్మాయి వైపు తలెత్తి చూడటం కూడా జడ్జిగారికి నామోషీ అనిపించింది.

"సార్, పోటీకి ముందు అందరి క్యూబులూ ఒకేలా చెదరగొట్టి కలపాలి కదా, నాది తప్పుగా కలిపారు. కలిపేవాళ్ళకిచ్చే కాగితంలో, ఏ ముఖం తిప్పాలో చెప్పే అక్షరం పక్కన, వెనక్కి తిప్పమనడానికి చీమ తలకాయంత గీత పెడితే కంటికి ఎలా ఆనుతుంది? బాణం గుర్తు వేయించండి."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస! ఓడిన ప్రతివాళ్ళూ ఆ గీత మీద పడి ఏడ్చేవాళ్ళే. గెలిచినవాళ్ళెవరైనా వచ్చి అడిగారా?"

"అడుగుతున్నాను కదండీ. తప్పు కలపడం వల్ల నాకు తేలిక క్యూబొచ్చింది."

ఆమె మెడలోంచి మొదటి బహుమతి పతకం తీసి ఆయన కాగితాల మీద పెట్టింది.

జడ్జిగారు అప్పుడు తలెత్తారు.

"గెలిచావుగా! ఇంకా నీకేం ఏడుపు?"