నల్లబడని పూస

పుట్టిన ప్రతి బిడ్డ మెడలోనూ ఆసుపత్రివాళ్లు తెల్లపూస కట్టే కాలమది. స్కాన్ కిరణాలు ఒంటికి తగిలి హాని చేసినకొద్దీ పూస నల్లబడుతుంది. లౌక్య గుండెకు ఏటా స్కాన్ తప్పదు. తీయించకపోతే గుండెకు భయం, తీయిస్తే పూసకు భయం. ఏడేళ్లకే అది సగం నల్లబడింది.

నిన్న మళ్లీ స్కానయింది. ఈరోజు కూతురికి తలంటుతూ హైమ పూసను వెలుతురులో తిప్పి చూసింది. నలుపు పెరగలేదు.

"నా తల్లే! ఈసారి నీకేం కాలేదే!"

కుంకుడు నురగలో కళ్లు మూసుకునే చెప్పింది లౌక్య.

"లోపలికెళ్లేముందు తీసి నీ సంచిలో దాచేశానమ్మా. అయ్యాక మళ్లీ కట్టేసుకున్నా. పోయినసారి నల్లబడిందని ఎంత ఏడ్చావో!"

హైమ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"నీళ్లు పొయ్యమ్మా, కళ్లు మండుతున్నాయి."