ఆగస్టు పరాయివాళ్ళు

“పెట్టె అప్పుడే సర్దేశావా? నిన్నెవరు సర్దమన్నారు?” టీ కప్పులతో మేడ మెట్లెక్కి వచ్చిన ఎమ్రిస్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఒకరు చెప్పాలా? ఇవాళ శనివారం. పదింటికల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇంటావిడ వచ్చి ఇక వెళ్ళండి బాబూ అనేదాకా కూర్చుంటామా?” అంది భార్య ఎలునెద్, దుప్పటి ముడతలు సరిచేస్తూ.

మాట అలా అంది కానీ ఆవిడకి కదలాలని లేదు. ఈ వేల్స్ తీరంలోనే పుట్టి పెరిగిన మనిషికి సముద్రం కొత్తేమీ కాదు. కానీ ముందుగది కిటికీలోంచి, పక్క మీద నుంచి లేవకుండా, ఆగస్టు నెలలో సముద్రాన్ని చూడడం వేరు. అది ఆవిడకి చిన్ననాటి నుంచీ ఉన్న కోరిక.

ఆ రోజుల్లో ఆగస్టు వస్తే వాళ్ళ ఇల్లు వాళ్ళది కాదు. పట్నాల నుంచి సెలవులకి వచ్చేవాళ్ళకి అద్దెకిచ్చేసి, తల్లీ తండ్రీ పిల్లలూ పెరట్లో రేకుల కొట్టంలోకి మారిపోయేవారు. ఊరంతా అంతే. అలా వచ్చేవాళ్ళని ‘పరాయివాళ్ళు’ అనేవారు. మంచి కప్పులూ మెత్తటి పరుపులూ పరాయివాళ్ళకి. వాన పడితే చెవులు చిల్లులు పడేలా మోగే రేకులు వీళ్ళకి. ఎలునెద్ పాలకూజా పట్టుకెళ్ళి తన ఇంటి తలుపు తనే తట్టేది. “లోపలికి రా” అని ఎవరో పిల్ల దర్జాగా పిలిచేది. ఎంత ఏడుపొచ్చేదో!

“ఒక్క ఆగస్టు మనం కూడా పరాయివాళ్ళమైపోదామే అమ్మా” అని ఓసారి అడిగితే వాళ్ళమ్మ పడీపడీ నవ్వింది. ఆ తర్వాత అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

“పోనీ ఇంకో వారం ఉందామా?” అన్నాడు ఎమ్రిస్.

“నీకేం, ఎన్నైనా చెప్తావు. వారం తిరక్కుండానే అత్తారింట్లో అల్లుడిలా తయారయ్యావు. అడక్కుండా వాళ్ళ అల్మరాలు తెరవడం, వాళ్ళ గులాబీలు కత్తిరించడం! అయినా మనం ఉండిపోతే ఆ ఇంటివాళ్ళు ఎక్కడ పడుకుంటారు? కొట్టంలోనేగా? వాన కూడా వచ్చేలా ఉంది.”

ఎమ్రిస్ కప్పు ఆవిడ చేతికిచ్చాడు. టీ చల్లారిపోతోందన్నాడు.

కిందకి దిగాక ఎలునెద్‌కి కాలు నిలవలేదు. చెంచాలన్నీ తుడిచి సొరుగులో పెట్టింది. ఆ సొరుగు కాస్త పైకెత్తి లాగితేగానీ రాదు, ఆ కిటుకు చేతికి ఎప్పుడో పట్టుబడిపోయింది. వంటింటి గుమ్మానికి పెన్సిలు గీతలున్నాయి. ఎవరో పిల్ల ఎత్తు ఏటేటా కొలిచి గీసినవి. వాటి మీద రంగు వెయ్యకుండా వదిలేసినందుకు ఆ ఇంటివాళ్ళ మీద ఆవిడకి అభిమానం కలిగింది.

ఇంటావిడ నెస్టా, ఉతికిన దుప్పట్ల బుట్టతో, ఎండుద్రాక్షల రొట్టెతో వచ్చింది. నలభై దాటిన మనిషి, నవ్వు మొహం.

“ఇదిగోనమ్మా తాళం. ఇల్లు నువ్విచ్చినట్టే ఉంది, చూసుకో” అంది ఎలునెద్ బింకంగా.

“తాళం మీ దగ్గరే ఉంచండి. వచ్చేవారం రావలసినవాళ్ళు రావడం లేదట. మూసి ఉంచితే సముద్రపు గాలికి ఇల్లు చెమ్మ పట్టిపోతుంది. మీరు ఇంకో వారం ఉండి పెడితే నాకు మేలు చేసినవాళ్ళవుతారు.”

ఎలునెద్‌కి ప్రాణం లేచి వచ్చింది. అయినా పట్టు వదల్లేదు.

“నిజం చెప్పు. మీరంతా కొట్టంలో పడుకుంటున్నారా? మాకోసం పిల్లల్ని కష్టపెట్టకు.”

“అయ్యో, కొట్టంలో గడ్డి కోసే మిషను తప్ప ఏమీ లేదండీ. నా కాపురం టౌన్‌లో. మా పిల్లలకి పరుపులు ఎక్కువై, పదయినా లేవరు.”

ఎలునెద్ నవ్వింది. రొట్టె కోసి, వెన్న రాసి, మొదటి ముక్క నెస్టాకే ఇచ్చింది.

“నెస్టా! మంచి పేరు పెట్టింది మీ అమ్మ. ఉందా ఆవిడ?”

“ఉందండీ.” నెస్టా దుప్పటి మడత విప్పి మళ్ళీ అదే మడత పెట్టింది. “సెలవులకి వెళ్ళింది.”

“సముద్రానికేనా?”

“ఆఁ. అక్కడ బాగా నచ్చేసినట్టుంది.”

“అయితే ఉండనీ. ఊసుపోవట్లేదని పిలిపించెయ్యకు. ఆ తరం ఆడవాళ్ళు ఎన్ని ఆగస్టులు కొట్టాల్లో పడుకున్నారో నీకేం తెలుసు!”

“పిలవనండీ. మునుపు సాయంత్రమయితే చాలు, ఇంటికెళ్ళిపోదామని ఏడ్చేది. ఇప్పుడా బెంగ లేదు.”

“పాపం, పిచ్చితల్లి” అంది ఎలునెద్ మనస్ఫూర్తిగా.

నెస్టా లేచి, వెళ్తూ వెళ్తూ, ఎందుకో ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. ఎమ్రిస్ ఖాళీ బుట్ట పట్టుకుని కారు దాకా సాగనంపడానికి వెళ్ళాడు. ఎలునెద్ చిన్నపిల్లలా పరుగున మేడెక్కి, పెట్టెలోని బట్టలన్నీ తీసి మంచం మీద గుమ్మరించింది. ఇంకో వారం! అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో అనుకుంది.

కిటికీ తెరిచే ఉంది. కింద గేటు దగ్గర నెస్టా ఎమ్రిస్ చొక్కా కాలరు సరిచేస్తోంది. ఈ కాలంలో కూడా పరాయివాళ్ళని ఇంత ఆపేక్షగా చూసుకునేవాళ్ళు ఉన్నారు కదా అని ఎలునెద్‌కి ముచ్చటేసింది. చెయ్యి ఊపుదామని ముందుకు వంగేసరికి, సముద్రపు గాలికి నెస్టా మాట మేడ మీదికి వినిపించింది.

“అమ్మ జాగ్రత్త, నాన్నా.”