ఆగితేనే బొమ్మ

ఆ రోజు దుకాణంలో నాకు మిగిలినవి బండిలో బిగించుకునే ఒక్క డిజిటల్ టీవీ సెట్టు, బోలెడంత నోరు.

“బండి ఎంత జోరుగా పోయినా బొమ్మ చెదరదు పిన్నీ” అని, వ్యాను తోలే బాబాయికీ, పక్క సీట్లో తోడెళ్లే ఆయన భార్యకీ అంటగట్టాను. వేగం పెరిగితే సిగ్నల్ సరిగా అందక బొమ్మ ముక్కలవుతుందని నాకు తెలుసు.

కొన్నాళ్లకు ఇద్దరూ వచ్చారు. తిట్లకు సిద్ధపడ్డాను.

“బొమ్మ విరుగుతోందా బాబాయ్?”

“తప్పు సెట్టుది కాదు, నా తోలుడుది. నిదానంగా పోతే చక్కగా వస్తోంది.”

“ఎంత మొత్తుకున్నా తగ్గని మనిషి, నా సీరియల్ కోసం తగ్గాడు. నీ చలవే నాయనా” అంటూ పిన్ని చేతులు జోడించింది.

నిజం చెబుదామని నోరు తెరిచాను. చెబితే, తప్పు సెట్టుదేనని ఆయన మళ్లీ దూకుడు పెంచుతాడేమోనని మూసుకున్నాను.

ఆ బేరంలో నాకు చివరికి మిగిలింది ఒక దండం. బదులు పెట్టడానికి చేతులు లేవలేదు.