పడవ మీద పేరు

జాలరిపేట ఇసుకలో నిలబెట్టిన చిన్న తెరచాప పడవలో కరీం బాషా బిందెడు నీళ్ళు కుమ్మరించాడు. బయటికి పోయే దారి లేక నీళ్ళు అడుగునే నిలిచిపోయాయి.

"ఒడ్డెంట తిరగడానికి బానే ఉంటాది రాజూ. అండమాన్ ఎల్లడానికి పనికిరాదు. పెద్ద అల లోపలికొస్తే నీళ్ళు ఇలాగే ఉండిపోతాయి. రెండో అలకి ములిగిపోతాది."

"కచ్చితంగానా?" అన్నాడు సన్యాసిరాజు.

"పడవలు సేసేవోణ్ణి, నాను సెప్తన్నాను గదా. మనిషి తిరిగి రాడు."

సన్యాసిరాజు పడవ అంచును నెమ్మదిగా నిమిరాడు.

"నెల్లాళ్ళు ఆగు. పైన బల్లలు బిగించి, నీళ్ళు బయటికి పోడానికి పక్కల కన్నాలెడతాను," అన్నాడు బాషా.

"వొద్దు భాయ్. రంగెయ్యి సాలు. అండమాన్ ఎల్తానని మా అక్క మొగుడు స్టీల్ ప్లాంటుకొచ్చిన రష్యా ఇంజనీర్లతో పందెం కాశాడు. సోమవారం దీన్లోనే ఎల్తాడు. నువ్విప్పుడు సెప్పింది ఆడికి తెలీకూడదు."

బాషా రంగు డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. పేటలో ఏ పడవకైనా యజమాని ఇల్లాలి పేరే రాస్తారు. అందుకే అడిగాడు.

"మరి మీ అక్క పేరు రాయాల గదా?"

"రాయొద్దు," అన్నాడు సన్యాసిరాజు. "అక్కే సెప్పి పంపింది."