తీగకు అవతల

కాగితం మీద టకటకా అక్షరాలు పడుతుంటే గౌరీదేవి పకపకా నవ్వింది.

పక్కనున్న కూర్మారావుకు ఒళ్ళు మండింది.

ఎనభై మూడులో సిద్ధగోరాలో పెట్టిన కంప్యూటర్ క్లాసు అది. పేరుకే కంప్యూటర్ క్లాసు. అసలు కంప్యూటర్ ఊరవతల ఓ పెద్దాఫీసులో ఉంది. ఇక్కడి టెర్మినల్ మీద లెక్క టైపు చేస్తే ఫోను తీగ మీదుగా అక్కడికి చేరేది. జవాబు మర్నాడు కాగితం మీద అచ్చయ్యేది.

గౌరీదేవికి మాత్రం జవాబు కింద నాలుగు మాటలు కూడా వచ్చేవి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు!

"ఏటి రాసేడు?" అన్నాడు కూర్మారావు ఉండబట్టలేక.

"నిన్నటి లెక్కలో తప్పుందట. కంగారు పడొద్దన్నాడు."

రాసేది అవతలి ఆపరేటర్ నీలకంఠం. అతని మొహం ఇక్కడెవరూ చూడలేదు.

కూర్మారావుకు ఎప్పుడూ సరైన జవాబే వచ్చేది. దాని కింద ఒక్క ముక్క ఉండేది కాదు. సగంమంది క్లాసు మానేసినా, అతను వానల్లోనూ చలిలోనూ సీతారాండేరా నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చేది ఆ ఒక్క ముక్క కోసమే.

"తప్పులు చేసినోళ్ళకేనా కబుర్లు?" అన్నాడు అక్కసుగా.

"అరే యార్, నేను అడుగుతాను, చెప్తాడు. నువ్వెప్పుడైనా అడిగేవేటి?"

అడగడానికి అతనికి నామోషీ.

మర్నాడు కావాలనే తప్పు పెట్టి పంపాడు. కూడాల్సిన చోట తీసివేత పెట్టాడు. ఇప్పుడైనా రాయక చస్తాడా అనుకున్నాడు.

అయినా సరైన జవాబే వచ్చింది. కింద ఏమీ లేదు.

'నా లెక్క చదవను కూడా చదవడన్నమాట!'

తిన్నగా క్లాసు నడిపే నారాయణమూర్తి మేష్టారి దగ్గరికెళ్ళాడు.

"సార్, ఆ ఆపరేటర్ లైను మీద ఆడపిల్లతో సరసాలాడతన్నాడు."

మేష్టారు ఫిర్యాదు పంపారు. నీలకంఠాన్ని ఆ సీటు నుంచి తీసేశారు.

ఆ సాయంత్రం కూర్మారావు ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

మర్నాడు జవాబు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గౌరీదేవికీ రాలేదు.

సంగతేమిటో కనుక్కుందామని పెద్దాఫీసుకు వెళ్ళిన మేష్టారు వాడిన మొహంతో తిరిగొచ్చారు.

"క్లాసు మూసేత్తన్నాం."

"అదేటి సార్? ఆపరేటర్ పోతే పోయేడు, కంప్యూటరుంది కదా!" అన్నాడు కూర్మారావు.

"కంప్యూటర్ దసరాలకి ముందే చెడిపోయిందిరా," అన్నారు మేష్టారు. "తెలిస్తే మీరు మానేత్తారని, ఇన్నాళ్ళూ ఆ నీలకంఠమే మీ లెక్కలు లైను లైనూ చదివి, చేత్తో చేసి పంపేడు."